మాండరిన్ చేప మేత ముట్టడం లేదు: నీళ్ళు బాగానే ఉన్నా ఎందుకు చిక్కిపోతోంది?

మీరు రాసిందంతా చదివాను. హైదరాబాద్‌లో ఇంట్లో 200 లీటర్ల మెరైన్ టాంకు, పెట్టి 4 నెలలైంది. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక సిక్స్‌లైన్ రాస్ చేప ఉన్నాయి. మూడు వారాల కిందట ఒక గ్రీన్ మాండరిన్ తెచ్చారు. పెల్లెట్లు, ఫ్లేక్స్ వేస్తే వాటి పక్కనుంచే వెళ్ళిపోతోంది తప్ప నోరు పెట్టడం లేదు. పొట్ట లోపలికి పోతోంది. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. ఉప్పు, వేడి సరిగ్గానే ఉన్నాయి. కడుపులో పురుగులు ఉండొచ్చు, మందు వాడమని షాపులో చెప్పారు. వాడాలా వద్దా, వాడకపోతే ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న. బతికితే దీనికి జత తెద్దామనుకుంటున్నానని కూడా రాశారు.

టాంకులో మందు పోయకండి. అందులో రాగి కలిసి ఉంటే రాళ్ళ సందుల్లో బతికే చిన్నచిన్న జీవాలన్నీ చస్తాయి, ఈ చేపకు ఉన్న కాస్త మేత కూడా పోతుంది. పైగా మాండరిన్‌కు పొలుసులు ఉండవు, మందులను అది సరిగా తట్టుకోలేదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే నాకు జబ్బు కనిపించడం లేదండీ, ఆకలే కనిపిస్తోంది. మీ నీళ్ళు బాగున్నాయి, కానీ అది తినేది మీ టాంకులో లేదు.

ముందు ఎంత టైముందో తేల్చుకోవాలి. చేప అద్దానికి దగ్గరగా వచ్చినప్పుడు పక్కనుంచి చూడండి. కడుపు రెక్కల వెనక భాగం కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. సమంగా ఉన్నా ఫర్వాలేదు. గుంటపడిందంటే చాలా రోజులుగా కడుపు నిండలేదని అర్థం. తర్వాత పైనుంచి చూడండి. తల వెనక వెన్నుకు రెండు పక్కలా కండ ఉందా? తల వెడల్పుగా, ఒళ్ళు సన్నగా కనిపిస్తే చేప తన కండనే కరిగించుకుంటోందన్నమాట. ఆ దశ నుంచి వెనక్కి తేవడం చాలా కష్టం. మీరు పంపిన ఫోటోలో పొట్ట గుంటపడింది కానీ వీపు ఇంకా నిండుగానే ఉంది. ఈ వారం గట్టిగా పూనుకుంటే నిలుస్తుంది.

ఈరోజే చేయాల్సింది ఒకటుంది. పిల్లచేపల్ని వేరుగా పెట్టే జల్లెడ డబ్బా ఒకటి కొని టాంకు లోపలే వేలాడదీయండి. అందులో వేలెడంత రాతిముక్కలు రెండు మూడు వేసి మాండరిన్‌ను అందులోకి మార్చండి. వల కంటే ప్లాస్టిక్ డబ్బాతో పట్టడం మేలు, ఎందుకంటే దవడ పక్కన దానికి ముల్లు ఉంటుంది, వలలో చిక్కుకుంటుంది. డబ్బాలో ఉంటే రాస్ వచ్చి మేత లాక్కోదు, వేసిన మేత ప్రవాహానికి కొట్టుకుపోదు, అది తిన్నదో లేదో మీకు కళ్ళారా కనిపిస్తుంది.

మేతగా అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్ళలో బతికే బుల్లి రొయ్యజాతి జీవం పిల్లల్ని ఇవ్వండి. ఈ విషయంలో మనవాళ్ళం అదృష్టవంతులం. ఆంధ్ర తీరం పొడవునా రొయ్య హాచరీలు ఉన్నాయి కాబట్టి ఆర్టీమియా సిస్టులు, అంటే ఎండు గుడ్లు, దొరకడం కష్టం కాదు, వాటిని ఎలా పొదిగించాలో తెలిసినవాళ్ళూ చాలామంది ఉన్నారు. సీసాలో ఉప్పునీళ్ళు పోసి, కింది నుంచి గాలి బుడగలు వదిలి, లైటు కింద 28 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక రోజులో పిల్లలు బయటికొస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు అడుగుకు దిగుతాయి. అడుగునుంచి సన్నటి పైపుతో తీసి, వడకట్టి, కడిగి వేయండి. పొదిగిన కొద్ది గంటల్లోనే ఇవ్వాలి. ఒంట్లో ఉన్న సొన కరిగిపోయాక ఆ పిల్లల్లో బలం ఏమీ మిగలదు. మర్నాటికి ఉంచాలంటే వాటికి ఆల్గే ద్రవం పట్టించి ఉంచాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, కొంచెం కొంచెంగా వేయండి.

ఆర్టీమియా ప్రాణం నిలబెట్టే మేతే కానీ ఏళ్ళ తరబడి పెంచే మేత కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఈ చేప ఎక్కడ పుట్టి ఎలా బతుకుతుందో చూడాలి. మీ సమస్య మొత్తం అక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మాండరిన్ మన విశాఖ, కాకినాడ తీరాల్లో దొరికే చేప కాదు. దాని ఇల్లు పశ్చిమ పసిఫిక్. జపాన్‌లోని ర్యూక్యూ దీవుల నుంచి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, పలావుల మీదుగా ఆస్ట్రేలియా తూర్పు తీరం, న్యూ కాలెడోనియా దాకా ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో దొరికిన చేపల్ని చూసి 1927లో ఆల్బర్ట్ హెర్రె అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించారు. ఇప్పుడు దీని శాస్త్రీయ నామం సింకిరోపస్ స్ప్లెండిడస్. పెద్దదైనా మహా అయితే ఆరేడు సెంటీమీటర్లు.

పగడపు దిబ్బ అనగానే మనకు తేటనీళ్ళు, ఎండపడి మెరిసే కొమ్మలు, వాటి చుట్టూ తిరిగే చేపల గుంపులు గుర్తొస్తాయి. మాండరిన్ ఉండేది అలాంటి చోట కాదు. అలల తాకిడి తగలని లాగూన్లలో (దిబ్బలు అడ్డుగా ఉన్న నిలకడ నీళ్ళలో), ఒడ్డుకు దగ్గరగా, నీళ్ళలో కాస్త ఒండ్రు కలిసిన చోట, ఒకటి నుంచి 18 మీటర్ల లోతు మధ్య ఉంటుంది. అక్కడ చచ్చి విరిగిపడిన కొమ్మ పగడాలు ముక్కలు ముక్కలుగా గుట్టలు పడి ఉంటాయి. చూడ్డానికి ఇల్లు పడగొట్టిన చోటులా ఉంటుంది కాబట్టి డైవింగ్‌కి వెళ్ళినవాళ్ళు పగలు దాన్ని పట్టించుకోకుండా దాటిపోతారు. కానీ ఒక ముక్క తీసి తిప్పితే దాని కింద పలచటి నాచు, స్పాంజి, బూజులాంటి పొర, ఆ పొరంతా పాకుతున్న చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కల్లో ఎక్కువభాగం కోపీపాడ్లు, అంటే మిల్లీమీటరు కూడా లేని రొయ్యజాతి జీవాలు. హాబీలో వాటిని పాడ్స్ అంటాం. గుట్టలోని ఒక్కో సందులో వేల సంఖ్యలో ఉంటాయి.

మాండరిన్ల కడుపు కోసి చూసిన పరిశోధకులకు రాతిని అంటిపెట్టుకుని పాకే రకం కోపీపాడ్లు, వాటికంటే కాస్త పెద్దవైన యాంఫీపాడ్లు, చిన్న పురుగులు, చిట్టి నత్తలు, ఇతర చేపల గుడ్లు కనిపించాయి. పగలంతా అది చేసే పని ఒకటే, పెరట్లో కోడి గింజలు ఏరుకున్నట్టు రాయి మీద ఒక్కొక్కటీ ఏరుకుని తినడం. మీ టాంకులోనే గమనించండి. కడుపు రెక్కల మీద నిలబడి రెండు అడుగులు వేస్తుంది, ఆగుతుంది. పైకి పొడుచుకొచ్చిన కళ్ళు తిప్పి రాతి మీద ఒక చోటును చూస్తుంది. తల కొంచెం వంచి, చిన్న నోటిని కిందికి చాచి చటుక్కున లాగుతుంది. నోట్లోకి వెళ్ళింది ఒకే ఒక్క కోపీపాడ్. మళ్ళీ రెండు అడుగులు. తెల్లారింది మొదలు సందె దాకా ఇదే.

ఇప్పుడు మీ పెల్లెట్ సంగతి చూడండి. అది పైనుంచి పడుతుంది, కదలదు, రాతిని అంటిపెట్టుకుని ఉండదు. మాండరిన్ లెక్కలో అది తిండే కాదు. క్లౌన్ చేప నీళ్ళలో తేలివచ్చేదాన్ని అందుకుని తినే రకం కాబట్టి రెండో రోజుకే పెల్లెట్లకు అలవాటు పడుతుంది. మాండరిన్‌కు మొండితనం ఏమీ లేదు, అది బతికిన తీరే వేరు. రెండు పూటలా మేత వేస్తే సరిపోతుందనుకోవడం కూడా దీని విషయంలో కుదరదు. పొద్దస్తమానం కొంచెం కొంచెంగా తినే ఒళ్ళు అది.

4 నెలల టాంకులో మొదట్లో కొన్ని పాడ్స్ ఉండే ఉంటాయి. మొదటి వారం బాగా తిరిగిందని మీరు రాశారు, కారణం అదే. మాండరిన్ ఒక్కటే అయితే ఇంకొన్నాళ్ళు వచ్చేవేమో, కానీ మీ సిక్స్‌లైన్ రాస్ కూడా పగలంతా అవే తింటుంది, దీనికంటే చురుగ్గా తింటుంది. రెండూ కలిసి రాళ్ళను ఊడ్చేశాయి. రాత్రి లైట్లన్నీ ఆపాక గంట ఆగి, టార్చి వేసి అద్దాన్ని, రాళ్ళ అంచులను చూడండి. తెల్లటి చుక్కలు గబగబా పరుగెత్తుతుంటే పాడ్స్ ఉన్నట్టు. పది నిమిషాలు వెతికినా ఏమీ కనిపించకపోతే ఎందుకు చిక్కిపోతోందన్న మీ ప్రశ్నకు జవాబు అదే.

రంగుల గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను, మందు విషయానికీ దీనికీ సంబంధం ఉంది. చేపల్లో, పక్షుల్లో, సీతాకోకచిలుకల్లో మనం చూసే నీలం దాదాపుగా అసలు రంగు కాదు. ఒంటి మీది సన్నటి పొరల మీద వెలుతురు పడి చెదిరినప్పుడు నీలంగా కనిపిస్తుందంతే. నెమలి నీలం కూడా అంతే. మాండరిన్‌లో మాత్రం నిజంగానే నీలి రంగు పదార్థం నిండిన కణాలున్నాయి. 1995లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ చేపలోనూ, దీని దగ్గరి బంధువైన చుక్కల మాండరిన్‌లోనూ ఆ కణాలను గుర్తించారు. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇది చాలా అరుదైన సంగతి. అంత కొట్టొచ్చినట్టు కనిపించే చేప మసక నీళ్ళలో, చిన్న సందుల్లో ధైర్యంగా బతుకుతోందంటే కారణం దాని ఒంటి జిగురు. పొలుసులకు బదులు దట్టమైన జిగురు ఉంటుంది, అది కంపు కొడుతుంది, మింగబోయే చేపకు సహించదు. ఆ రంగులు నన్ను తినొద్దని చేసే హెచ్చరిక అయ్యుండొచ్చని శాస్త్రవేత్తల అభిప్రాయం. తెల్లమచ్చల జబ్బు మిగతా చేపలకు వచ్చినప్పుడు కూడా మాండరిన్‌కు తక్కువగా తగులుతుందని పెంచేవాళ్ళందరి అనుభవం. దీనికి నిజమైన శత్రువు మన చేతుల్లో ఆకలే.

ఇంకో కోణం నుంచి కూడా చేపను పరీక్షించాలి, సముద్రంలో దాన్ని పట్టిన తీరు. ఫిలిప్పీన్స్‌లో బొహోల్ ద్వీపం పక్కన డనహోన్ బ్యాంక్ అనే జంట పగడపు దిబ్బ ఉంది. అక్కడి బటాసాన్ దీవి జాలర్లు మాండరిన్లను సూది బిగించిన సన్నటి ఈటెతో గుచ్చి పట్టే పద్ధతిని పరిశోధకులు 2001లో వెలువడిన ఒక వ్యాసంలో నమోదు చేశారు. గుట్టల్లో దూరే చేపను వలతో పట్టడం కుదరదు కదా. ఆ జాలర్లను తప్పుపట్టాలని నాకు లేదు. 2013 భూకంపంలో బటాసాన్ నేల కుంగి, పెద్ద పోటు వచ్చినప్పుడల్లా వీధుల్లోకి నీళ్ళు వస్తున్నాయి, అయినా అక్కడే బతుకుతున్నారు. కానీ మీ చేప తోక రెక్క దగ్గరో వెన్ను దగ్గరో చిన్న రంధ్రం, తెల్లటి మచ్చ ఉంటే మాత్రం దాని కథ వేరు. గాయంతో వచ్చిన చేపకు మేత అలవాటు చేయడం ఇంకా కష్టం. డబ్బాలోకి మార్చేటప్పుడు రెండు పక్కలా చూడండి.

ఇక టాంకు సంగతి. డబ్బాలో పొట్ట కాస్త నిండాక, అంటే రెండు మూడు వారాల తర్వాత, మళ్ళీ అదే టాంకులోకి అలాగే వదిలితే మళ్ళీ ఇదే కథ. ఈలోగా టాంకును మార్చాలి. రాస్‌ను షాపుకో, పెద్ద టాంకు ఉన్న స్నేహితుడికో ఇచ్చేయండి. ఈ మాట చెప్పడం నాకూ కష్టమే, మంచి చేప అది. కానీ 200 లీటర్లలో ఆ రెండూ ఒకే కంచంలో తినలేవు.

తర్వాత టాంకు వెనక మూలన ఒక గుట్ట కట్టండి. ఎండు రాతిముక్కలు, సెరామిక్ రింగులు, బొటనవేలి సైజు నుంచి పిడికిలి సైజు దాకా వదులుగా పోయండి. మాండరిన్ లోపలికి దూరలేని సన్న సందులు అందులో ఎక్కువగా ఉండాలి. పాడ్స్ అక్కడ దాక్కుని పిల్లల్ని పెడతాయి, అంచుల్లోకి వచ్చినవాటిని చేప ఏరుకుంటుంది. ఈ ముక్కల కోసం ఎవరో సముద్రంలోంచి తీసుకొచ్చిన పగడపు రాయి కొనకండి. మన దేశంలో రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటిని కొనడం, అమ్మడం నేరం. తయారుచేసిన రాయి ఈ పనికి చక్కగా సరిపోతుంది.

టాంకు కింద సంపు, అంటే నీళ్ళు వడకట్టే రెండో తొట్టి ఉంటే దానిలో ఒక గది రెఫ్యూజియంగా, అంటే పాడ్స్ పెరిగే చోటుగా మార్చండి. కీటోమార్ఫా అనే పీచులాంటి పచ్చ ఆల్గే గుప్పెడు వేసి, రాత్రిపూట వెలిగే చిన్న లైటు పెట్టండి. చేపలేవీ రాని చోటు కాబట్టి అక్కడ పాడ్స్ పెరిగి నీళ్ళతోపాటు పైకి వస్తుంటాయి. నీళ్ళు వడకట్టే గుడ్డ సంచి (ఫిల్టర్ సాక్) తీసేయండి, లేకపోతే ఆ వచ్చేవన్నీ అందులో చిక్కుకుంటాయి. సంపు లేకపోతే టాంకు వెనక వేలాడదీసే పెట్టె కూడా పనిచేస్తుంది.

పాడ్స్ సీసాలు కొనేటప్పుడు రకం అడగండి. టిగ్రియోపస్ ఎర్రగా, పెద్దగా కనిపిస్తుంది, కానీ నీళ్ళలో ఈదుతూ తిరుగుతుంది కాబట్టి చేపలు ఒక్క రోజులో ఖాళీ చేస్తాయి. టిస్బే చిన్నది, రాళ్ళలోకి దూరిపోతుంది, టాంకులో వంశం నిలబెట్టేది అదే. రాత్రి లైట్లు ఆపి, పంపులు ఆపి, గుట్ట మీద నెమ్మదిగా పోయండి. అరగంట తర్వాత పంపులు వేయండి. ప్రతిసారీ కొనడం భారం కాబట్టి సగం సీసా ఒక బకెట్టులో పెంచుకోండి. ఉప్పునీళ్ళు, నెమ్మదిగా ఒక్కో బుడగ వదిలే గాలి పైపు, నీళ్ళు లేత ఆకుపచ్చగా కనిపించేంత ఆల్గే ద్రవం చాలు. మేత ఎక్కువైతే నీళ్ళు కుళ్ళిపోతాయి, రంగు పోయాకే మళ్ళీ వేయాలి. రెండు మూడు వారాల్లో బకెట్టు అంచంతా చుక్కలు పాకుతుంటాయి.

వీటితోపాటు డబ్బాలో ఉండగానే ఫ్రోజెన్ మేత అలవాటు చేయడం మొదలుపెట్టండి. ఆర్టీమియా తింటున్నప్పుడు దానిలో కొంచెం ఫ్రోజెన్ సైక్లాప్స్ (ఒక రకం కోపీపాడ్లు), చేప గుడ్లు, సన్నగా తరిగిన మైసిస్ (చిన్న రొయ్యలాంటివి) కలపండి. మొదట్లో ఉమ్మేస్తుంది, ఉమ్మనివ్వండి. కదులుతున్నవాటి మధ్య కదలనిది కూడా నోట్లోకి వెళ్తూ ఉంటే రుచి తెలుస్తుంది. రోజురోజుకూ ప్రాణం ఉన్న మేత వాటా తగ్గించాలి. కొన్ని చేపలు రెండు వారాల్లో నేర్చుకుంటాయి, కొన్ని ఎప్పటికీ నేర్చుకోవు. నేర్చుకుంటే 200 లీటర్ల టాంకులో కూడా పెంచొచ్చు. నేర్చుకోకపోతే కనీసం 300 లీటర్లు, ఏడాది దాటి నాచు బాగా పట్టిన రాళ్ళున్న టాంకు కావాలి. అలాంటి టాంకు ఉన్నవాళ్ళు మీకు తెలిసి ఉంటే వాళ్ళకు ఇవ్వడమే చేపకు న్యాయం.

ఇంకో మాండరిన్ కొనేటప్పుడు హాచరీలో పుట్టింది దొరుకుతుందేమో మీ షాపువాళ్ళను అడగండి. 2010 ప్రాంతం నుంచి అమెరికాలోని ఫ్లోరిడాలో, తర్వాత పలావులో వీటిని పుట్టించి అమ్ముతున్నారు. అవి పుట్టినప్పటి నుంచీ మనుషులు వేసే మేత తిని పెరిగినవి కాబట్టి ఫ్రోజెన్ వెంటనే తింటాయి. ధర ఎక్కువ, సైజు చిన్నది. అయినా నేను వాటికే ఓటు వేస్తాను. ఏ చేపైనా సరే, మీ కళ్ళ ముందు మేత తినిపించి చూపించమనండి. తినకపోతే డబ్బు కట్టకండి.

జత విషయానికొస్తే, ఒక మగ, ఒక ఆడ మాత్రమే. వీపు మీది మొదటి రెక్క ముల్లు జెండా కర్రలా పొడుగ్గా లేస్తే మగది, పొట్టిగా గుండ్రంగా ఉంటే ఆడది. రెండు మగవాటిని ఒకే టాంకులో పెడితే చచ్చేదాకా కొట్టుకుంటాయి. జత కుదిరి, రెండిటి పొట్టలూ నిండుగా ఉంటే మీ ఇంట్లోనే సందెవేళ ఒక అద్భుతం చూడొచ్చు. ఫిలిప్పీన్స్‌లో మలపాస్కువాకో, ఇండోనేషియాలో బండా నెయిరాకో జనం దీనికోసమే వెళ్ళి, చీకటిపడే వేళ పగడపు ముక్కల గుట్టల పక్కన మసక లైటుతో కాచుకుంటారు. మగది రెక్కలన్నీ విప్పి ఆడదాని చుట్టూ తిరుగుతుంది. తర్వాత రెండూ పొట్టలు ఆనించుకుని, నెమ్మదిగా పైకి లేచి, గుడ్లు వదిలి చటుక్కున కిందికి దూసుకుపోతాయి. కొన్ని సెకన్ల పని. ఆడవి పెద్ద మగవాటినే ఎంచుకుంటాయి, జాలర్లకు మంచి ధర వచ్చేదీ ఆ పెద్ద మగవాటికే. గుట్టలో పెద్దవి తగ్గిపోతే ఆడవి పొత్తు కలవడం కూడా తగ్గుతుంది. హాచరీ చేప కొనమని నేను గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఒక్కసారికి గుడ్లు మహా అయితే 200. అవి నీళ్ళలో తేలిపోతాయి, తల్లిదండ్రులు చూసుకోవు, ఒక రోజు లోపే పొదుగుతాయి. ఆ పిల్లలకు ఆర్టీమియా కూడా పెద్ద మేతే, ఇంకా చిన్న ప్రాణం ఉన్న మేత పెంచుకుని సిద్ధంగా ఉంటే తప్ప ఒక్కటి కూడా మిగలదు. కాబట్టి జత గురించి ఆలోచించడం బకెట్టులో పాడ్స్ ఆరు నెలలు ఆగకుండా పెంచగలిగాక మొదలుపెట్టండి.